ట్యాంకులో ఎర్ర దారం

పాత ఇనుప సామాన్లు కొనే మనిషి రేపు పొద్దున వస్తాడని మా ఆయన చెప్పినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. మామ పెద్దకర్మ ముగించుకుని పోచంపల్లి నుంచి షాద్‌నగర్‌కు వచ్చిన మర్నాడది. తెచ్చిన సంచులు ఇంకా విప్పనే లేదు. ఏదో ఒకటి సర్దకపోతే ఊపిరాడనట్టు ఆయన ఇల్లంతా తిరుగుతున్నాడు. నిజానికి ఆ తిరుగుడు నా గుణం, కాపురం చేయగా చేయగా ఆయనకూ అంటుకుంది. మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ మా నాయిన మోటర్‌సైకిల్ తీసేస్తే కొత్త కరెంటు స్కూటర్‌కు చార్జింగు పెట్టుకునే జాగా అవుతుందట. అదీ నిజమే. ఇంజను పట్టేసి చాలా కాలమైంది, టైర్లు చీలికలు పడ్డాయి. చేయి తుడుచుకుని, ఇచ్చేసే ముందు ఒకసారి చూద్దామని వెళ్లాను. టార్పాలిన్ తీసి, ట్యాంకు మూత తిప్పి, సెల్‌ఫోన్ టార్చి లోపలికి వేశాను. బండి అంతా తుప్పు పట్టింది కానీ ట్యాంకు లోపల మాత్రం ఎక్కడా తుప్పు లేదు. మేము పోసిన పూత బూడిదరంగులో అలాగే నున్నగా ఉంది. ఒక మూలన, ఆ పూతలో కూరుకుపోయి, జానెడు ఎర్ర దారం. అది చూసి నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

మా నాయినకు షాద్‌నగర్‌లో హైవే పక్కన మోటర్‌సైకిళ్లు బాగుచేసే షాపు ఉండేది. ఇంటికీ షాపుకూ మధ్య ఒక రేకు తలుపే అడ్డం. పెట్రోలు వాసన, కాలిన ఆయిలు వాసన, అమ్మ వేసే తాలింపు వాసన కలిసిపోయి మా బట్టల్లో, చివరికి నా బడిపుస్తకాల్లో కూడా ఉండేవి. రాత్రీ పగలూ లారీలు పోతూనే ఉండేవి. నిద్రలో ఆ చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. నాయిన కూర్చుని పని చేయడం నేను చూడలేదు. నిలబడి టీ తాగేవాడు, నిలబడే పేపరు చదివేవాడు, అన్నం కూడా పళ్లెం చేత్తో పట్టుకుని గడపలో తిరుగుతూ తినేవాడు. ట్యాంకు చెమ్మగిల్లిందని ఎవరైనా బండి తెస్తే, ఒంటిసబ్బు ముక్క తీసుకుని ఆ చిల్లి మీద గట్టిగా రుద్ది పంపేవాడు. "ఇది ఇంటికి చేరేదాకనే. లోపల పూత పోస్తే గని పని గాదు, తీరికగ రా," అనేవాడు. తీరిగ్గా వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినప్పుడు మాత్రం ఆ పని నేను పక్కన నిలబడి చూసేదాన్ని. బండి నడపడం కూడా ఆయనే నేర్పాడు. ఆడపిల్లకు ఎందుకని అడిగినవాళ్లకు, "దానికి కాళ్లు ఆగవు, గందుకే," అని జవాబిచ్చేవాడు.

కాళ్లు ఆగని నన్ను తీసుకొచ్చి అందరూ కూర్చునే ఇంట్లో వేశారు. అప్పుడప్పుడే తెలంగాణ వచ్చింది. బండ్ల మీద టీఎస్ అని కొత్తగా రాయించుకుంటున్న రోజులు. పాలమూరు పిల్ల నల్గొండ జిల్లాకు కోడలైందని పెళ్లిలో అందరూ అన్నారు. తరవాత జిల్లాలు విడగొడితే షాద్‌నగర్ పాలమూరులో లేకుండా పోయింది, పోచంపల్లి నల్గొండలో లేకుండా పోయింది. టీఎస్ పోయి టీజీ కూడా వచ్చింది. ఆ ఇల్లు మాత్రం నా కళ్లలో అలాగే ఉంది. ముందు గదిలో గుంత మగ్గాలు రెండు, ఒకదాంట్లో మామ, ఇంకోదాంట్లో మా ఆయన, నడుము దాకా గుంతలో దిగి పొద్దున కూర్చుంటే మాపటికి లేవడం. అత్తమ్మ ఆసు ముందు కూర్చునేది. వరుస మేకుల చుట్టూ దారం తిప్పుతూ చేయి ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి పోతూనే ఉంటుంది, మనిషి మాత్రం కదలదు. నాకు చిటికి కట్టే పని ఇచ్చారు. రంగు అంటకూడని చోట నూలును సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కట్టడం. పని వచ్చేసింది, కుదురు రాలేదు. నూలు తెగకుండా ఆ గదిలో మట్టినేల మీద నీళ్లు చల్లి ఎప్పుడూ చల్లగా, చెమ్మగా ఉంచేవాళ్లు. వెలుగు తక్కువ. మగ్గం చప్పుడు లారీ చప్పుడులా ఎటూ పోదు, ఉన్నచోటనే ఉంటుంది. నీళ్లకని, చెత్త పారేయడానికని, ఏదో ఒక వంకతో గంటకోసారి వాకిట్లోకి వచ్చి రోడ్డుకేసి చూసేదాన్ని.

మా ఆయనతో తగువేమీ లేదు. తగువు పడడానికైనా రెండో మనిషి నోరు విప్పాలి కదా. ఏది అడిగినా "నీ ఇష్టం" అనేవాడు. సినిమాకు పోదామా అంటే నీ ఇష్టం. నాకిక్కడ ఊపిరాడట్లేదు అంటే, కాసేపు నా ముఖం చూసి, "కిటికీ తెరువు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీ తెరిచాను. అలా ఏడాది దాటిందో లేదో, మా నాయిన షాపులోనే, నిలబడే, గుండె ఆగి పోయాడు. ఆయన సొంత బండి వానకు తడుస్తూ షాపు ముందు చాన్నాళ్లు పడి ఉంది. చివరికి అమ్మ దాన్ని ఒక ఆటోట్రాలీలో వేయించి నాకు పంపింది. "నడిపితే నువ్వే నడపాలె, లేకుంటె తూకానికెయ్యి," అని ఫోన్లో ఏడ్చింది. ఆ రోజే నేను లోపల ఒక నిర్ణయం చేసుకున్నాను. ఈ బండి బాగుచేసుకుంటాను. అది నడిచిన రోజు షాద్‌నగర్ పోయి అమ్మ దగ్గర ఉండి కంపెనీలో పనికి కుదురుతాను. మళ్లీ ఈ గదిలోకి రాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంజను నేను అనుకున్నదానికంటే తేలిగ్గా దారికొచ్చింది. ట్యాంకే సతాయించింది. లోపల ఎర్రటి తుప్పు పెచ్చులు, అడుగున కంటికి కనబడని చిల్లులు. పెట్రోలు పోస్తే ట్యాంకుకు చెమట పట్టినట్టు అయ్యేది.

"కొత్త ట్యాంకు దొరుకుతది గద. గీ ఓటిదానికి గింత కష్టమెందుకు?" అన్నాడు మా ఆయన. ఆయన అంత పొడుగు మాట మాట్లాడడమే ఎక్కువ.

"గిది మా నాయినది."

"సరే. నీ ఇష్టం."

ట్యాంకు విప్పి పాత పెట్రోలు వంపేశాను. అడుగున ఉండే పెట్రోల్ కాక్ తీసి, ఆ బొక్కకు గుడ్డ కుక్కి, పిడికెడు నట్లూ ఒక చైను ముక్కా లోపల వేసి ఒళ్లంతా అదిరేలా ఊపాను. నట్ల చప్పుడుకు వీధి వీధంతా తొంగి చూసింది. తరవాత మా నాయిన చేసినట్టే చింతపండు పులుసు కాచి నిండుగా పోసి పెట్టాను. అత్తమ్మ చింతపండు డబ్బా తెరిచి చూసి కేకేసింది. "ఇగో, పులుసుకు పెట్టుకున్న చింతపండంత బండి తాగవట్టె! ఇంట్ల మనుషులేం తాగాలె?" ఆ కేకకు మామ మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. మామ బక్కపలుచని మనిషి, భుజం మీద ఎప్పుడూ రంగు మరకల తువ్వాల. వంగి ట్యాంకులోకి వాసన చూశాడు.

"ఏం బిడ్డా, ఇనుముకు సుత పులుసు పోస్తరా?"

"తుప్పు ఊడుతది మామా. ఇత్తడి బిందె తోమినట్టే."

"మరి లోపలికి చెయ్యి పోదు గద?"

"పోదు. గందుకే నానాలె."

ఆయన ముఖంలో అంతకుముందు చూడని ఉషారు కనబడింది. మర్నాటి నుంచి మగ్గం మీద నుంచి మాటిమాటికీ లేచి వచ్చి ట్యాంకు ఊపి పోయేవాడు. అత్తమ్మకు ఇద్దరం పిచ్చోళ్లలా కనబడ్డాం.

పులుసు వంపేస్తే లోపల ఇనుము తెల్లగా మెరిసింది. సోడా నీళ్లతో, మంచినీళ్లతో కడిగి, వాకిట్లో మంచి ఎండలో బోర్లించి, నేను వంటకు పోయాను. కడిగిన ఇనుము గడియలో ఎండాలి, ఎండిన వెంటనే పూత పోయాలి. పూతకు రెండు డబ్బాల మందు హైదరాబాద్ నుంచి తెప్పించి ఉంచాను. వంట ముగించి వచ్చి చూస్తే ట్యాంకు లేదు. ఎవడో ఎత్తుకుపోయాడనుకుని వీధి చివరిదాకా ఉరికాను. తీరా చూస్తే మగ్గాల గదిలో, చెమ్మ నేల మీద పీట వేసి, పైన తడిగుడ్డ కప్పి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి ఉంది. రంగు వేసిన నూలు ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. మామ పుట్టిన దగ్గరి నుంచి ఆ ఇంట్లో తడిసింది ఏదైనా నీడలోనే ఆరింది. తడి ట్యాంకు ఎండలో కనబడగానే మామ పాపమని తెచ్చి నీడలో పెట్టాడు, ఎండ తగలకుండా గుడ్డ కూడా కప్పాడు. లోపలికి చూశాను. మెరిసిన ఇనుము మీద గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా కొత్త తుప్పు పరుచుకుంటోంది.

పోవడం ఆలస్యమవుతుందన్న ఒక్క మాటే తలలో మోగుతోంది. "ఎవరు పెట్టుమన్నరు దీన్ని లోపల?" అని అరిచాను. "ఇది నూలా? ఇనుము! ఇనుముకు ఎండ గావాలె, నీడ గాదు! నా పనంత పాడు జేస్తివి గద మామా!" రోజూ అనే 'మీరు' కూడా ఆ కోపంలో పోయింది. అత్తమ్మ చేయి ఆసు మీద ఆగిపోయింది. మా ఆయన మగ్గం ఆగిపోయింది. కోడలు మామ మీద అరవడం ఆ వీధిలో ఎవరూ విని ఉండరు. మామ మాత్రం ట్యాంకులోకి చూసి, చెవి వెనక గోక్కుని, "తడిది కనబడితె చెయ్యి నీడకే గుంజుతది బిడ్డా. ఏం జేయాలె ఈ చెయ్యిని?" అన్నాడు. తన చేతిని తానే దొంగను చూసినట్టు చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మళ్లీ పులుసు. మళ్లీ సోడా. ఈసారి కడిగిన వెంటనే మామే ట్యాంకును ఎత్తుకుని మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. జీవితమంతా నీడలో గడిపిన మనిషి, తువ్వాల తలకు చుట్టుకుని, ఎండ ఎటు తిరిగితే ట్యాంకును అటు తిప్పుతూ అక్కడే కూర్చున్నాడు. నేను మజ్జిగ తీసుకుపోయి ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇది నడిస్తె పోతవు గద బిడ్డా?"

"ఎవరు చెప్పిన్రు మామా?"

"ఎవరు చెప్పాలె? నీ దగ్గరున్న చిటికి ఒడ్సింది. కొత్తది తెచ్చి ముంగట పెడితె ముట్టవైతివి. సూరత్ పోయినోళ్లను జూసిన, భీవండి పోయినోళ్లను జూసిన. పొయ్యేటోడు ఎవ్వడు కొత్త పోగు ముట్టడు."

అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను కానీ రాలేదు. "నాకు కూసునుడు రాదు మామా," అన్నాను.

"నా కొడుక్కు మాట్లాడుడు రాదు," అన్నాడు మామ. తరవాత ఆయన ట్యాంకును ఇంకో పక్కకు తిప్పి, వేలితో తట్టి, "ఎండింది, మందు తే," అన్నాడు.

రెండు డబ్బాల మందు కలిపితే తేనెలా చిక్కగా అయింది. కాక్ బొక్కను మామే మూశాడు, రబ్బరు పీలికతో, చిటికి కట్టే ముడితోనే, చుక్క కారకుండా. మందు పోసి మూత బిగించాక ట్యాంకును అన్ని వైపులకూ నెమ్మదిగా దొర్లించాలి, లోపల ప్రతి మూలకూ పూత అందాలి, ఎక్కడా మడుగు కట్టకూడదు. నేను తొందరపడి గిరగిరా తిప్పబోతే మామ నా చేతుల్లోంచి తీసుకున్నాడు. ఒడిలో పెట్టుకుని అటొకసారి ఇటొకసారి, బోర్లా, వెల్లకిలా, ఒకే తీరున దొర్లించాడు. నాకు కాళ్లలో చీమలు పాకుతున్నాయి. మిగిలిన మందు వంపడానికి మూత తీసినప్పుడు తువ్వాల అంచు నుంచి ఒక ఎర్ర దారం జారి లోపల పడింది. నేను అయ్యో అని పుల్ల కోసం లేచాను, పెట్రోలుకు అడ్డం పడుతుందని.

"ఉండనియ్," అన్నాడు మామ. "అంటుకపోయింది. ఇగ రాదు."

పూత గట్టిపడే దాకా పెట్రోలు పోయకూడదు. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. గంటకోసారి డాబా ఎక్కి మూత తీసి వాసన చూసేదాన్ని, వేలు పెట్టి జిగురుందేమోనని తడిమేదాన్ని. ఒక్కోసారి పూత ఎప్పటికీ ఎండకపోతే బాగుండుననీ అనిపించేది. అలా ఎందుకు అనిపిస్తోందో అర్థంకాక నా మీద నాకే చిరాకు. మా ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఆగిపోయేదాన్నేమో, ఇప్పటికీ తెలియదు.

పోయే రోజు పొద్దున, అమ్మను చూసొస్తానని అత్తమ్మకు చెప్పాను. ఆమె జొన్నరొట్టెలు మూటగట్టింది. స్నానం చేసి వచ్చేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మామ మగ్గం ఆగి ఉంది, మా ఆయన మగ్గం కూడా ఆగి ఉంది, గుంతలో ఎవరూ లేరు. నేను పోతుంటే సాగనంపనైనా లేకుండా మా ఆయన ఎటో వెళ్లిపోయాడనుకున్నాను. వాకిట్లో మామ, పెట్రోలు డబ్బా ఎత్తి, పలుచని నూలు గుడ్డలోంచి వడకట్టి ట్యాంకులోకి పోస్తున్నాడు. ఒకటి అయిపోయాక రెండో డబ్బా ఎత్తాడు. చుక్క కారలేదు. అడుగున చేయి పెట్టి చూసుకుని, పొడి చేయి నాకు చూపించాడు.

"నిండుగ పోసిన బిడ్డా. ఆడికి పోను సరిపోతది. మళ్ల రావాలనిపిస్తె రాను సుత సరిపోతది. నడుమ ఎవ్వల్ని అడుగుడు వద్దు."

రొట్టెల మూట హ్యాండిల్‌కు తగిలించాను. కిక్కు కొట్టాను. హైవే ఎక్కాక, లారీల చప్పుడు మధ్య, హెల్మెట్ లోపల, మా నాయిన పోయినప్పుడు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చాను.

షాద్‌నగర్‌లో పని దొరికింది. నిలబడి చేసే పని, నాకు నచ్చింది. కానీ ట్యాంకులో మిగిలిన ఆ సగం పెట్రోలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఊళ్లో తిరగడానికి బండి తీయాలంటే చేయి వచ్చేది కాదు. అది దేనికి పోసిందో నాకు తెలుసు. ఒక ఆదివారం పొద్దున్నే లేచి, ఇంకో చుక్క పోయించకుండా, పోచంపల్లి దాకా పోయాను. మా ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "అన్నం తిన్నవా?" అన్నాడు. అంతే. తరవాత ఆదివారాలన్నీ అలాగే పోయాను. కొన్నాళ్లకు ఆయనే మగ్గం చిన్నాయన కొడుక్కి అప్పజెప్పి షాద్‌నగర్ వచ్చాడు. ఇక్కడ ఒక బట్టల షాపులో కుదిరాడు. రోజంతా నిలబడే ఉద్యోగం. మామ ఎప్పుడు వచ్చినా ముందు బండి దగ్గరికి పోయి ట్యాంకు అడుగున చేయి పెట్టి చూసుకునేవాడు. ఇప్పుడు ఇంట్లోకి వచ్చిన స్కూటర్‌కు ట్యాంకే లేదు. ముందర అద్దం మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోతుందో చూపిస్తుంది. వాసన లేదు, చప్పుడు లేదు, చేతికి మసి అంటదు. మంచి బండే, నేనే ఎక్కువ నడుపుతాను. కానీ ఆ అద్దం పోవడం ఒక్కటే లెక్కపెడుతుంది.

"గింతసేపు ఏం జూస్తున్నవు అండ్ల?" అంటూ మా ఆయన మెట్ల కిందికి వంగాడు. ఫోను ఆయన చేతికిచ్చాను. ట్యాంకు మూతి దగ్గర కన్ను పెట్టి చూశాడు.

"దారం," అన్నాడు. టార్చి ఇంకాస్త దగ్గర పెట్టి, "బాపు వేసిన ఎరుపే గిది," అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి. మళ్లీ రాకూడదని పోయానని, అది మామకు తెలుసునని, పెట్రోలు పోస్తూ ఏమన్నాడో, అన్నీ. ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చుని విన్నాడు.

"ఆ డబ్బాలు తెచ్చింది నేనే," అన్నాడు.

నేను ముఖం తిప్పి చూశాను.

"నువ్వు పోతున్నవని బాపు చెప్పిండు. పొద్దున్నే సైకిల్ మీద బంకుకు పోయిన. ముందుగాల ఒక్కటే తెచ్చిన, పోనీకి సరిపోయేటంత. వాకిట్ల దించినంక పానం ఒప్పలే. మళ్ల పోయి ఇంకోటి తెచ్చిన. అది బాపు చేతికిచ్చి ఎన్కవాకిట్ల నిలవడ్డ. నీ ముంగటికి వస్తె పోవద్దంటనేమో అని."

ఆ మెట్టు మీంచి నాకు లేవాలనిపించలేదు.

"మరి ఇన్నేండ్లు చెప్పవైతివేంది?" అన్నాను చివరికి.

ఆయన ట్యాంకు మూత జాగ్రత్తగా పెట్టి, తిప్పి బిగించాడు.

"వచ్చినవు గద," అన్నాడు.